ఓ మోస్తరు నగరంలో అద్దె ఇంటి వేట

(కొత్తగా ఉద్యోగంలో చేరినవారి కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇల్లు వెతకాలనుకోగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఒకటుంది. ఫోన్‌లో యాప్ తెరిచి, అద్దె తక్కువ ఉన్నవి పైకి వచ్చేలా వరస పెట్టి, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడం. కోటి మంది ఉన్న మహానగరంలో అది కొంత పనికొస్తుంది. అయిదు లక్షలో పది లక్షలో జనం ఉన్న నగరంలో మాత్రం అలా వెతికితే ఇబ్బంది పడతారు. ఆ వరసలో కనిపించే అంకె మీరు చివరికి కట్టబోయే అంకె కాదు. పైగా మీకు సరిపోయే ఇల్లు అసలు ఆ యాప్‌లోకే వచ్చి ఉండకపోవచ్చు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు అంకె సంగతి. జీతంలో 30 శాతానికి మించి అద్దె కట్టకూడదని మీరు వినే ఉంటారు. ఇదేదో ఎవరో పరిశోధన చేసి కనిపెట్టిన సూత్రం అనుకుంటాం. నిజానికి కాదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదవాళ్ల అద్దె వాళ్ల ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ చొరవతో చట్టం వచ్చింది. 1981లో బడ్జెట్ చట్టంలో దాన్ని 30 శాతానికి పెంచారు. ప్రభుత్వం తన ఖర్చు చూసుకుని గీసుకున్న గీత అది. పోను పోను అందరికీ వర్తించే సలహా అయి కూర్చుంది.

దీనికి ఓ వందేళ్ల ముందే, 1868లో, బెర్లిన్ నగర గణాంకాలు చూసే హెర్మాన్ ష్వాబే అనే ఆయన ఇంకో మాట చెప్పాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో అద్దెకు పోయే వాటా పెరుగుతుందని. ఇది ఇప్పటికీ మన కళ్లముందు కనిపిస్తున్నదే. అందుకే శాతం కంటే నాకు నచ్చే లెక్క వేరే ఉంది. అద్దె పోగా చేతిలో ఎంత మిగులుతుంది? ఆ మిగిలినదాంట్లో తిండి, మందులు, ఇంటికి పంపాల్సినది, అప్పు వాయిదా, అనుకోని ఖర్చు అన్నీ సర్దుకుంటాయా? పెద్ద జీతం వచ్చేవాడు 40 శాతం అద్దె కట్టినా హాయిగానే ఉంటాడు. చిన్న జీతగాడికి 25 శాతం కూడా భారమే అవుతుంది. కాబట్టి ఒక కాగితం మీద ముందు మిగతా ఖర్చులన్నీ రాసి, చివర్లో మిగిలినది అద్దె అనుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అద్దె ముందు ఒప్పేసుకుని, మిగతా జీవితాన్ని దాంట్లో ఇరికిస్తారు.

ఇక అద్దె అనే అంకెలో ఏమేం కలుస్తాయో చూద్దాం. జర్మనీలో ఇంటి ప్రకటనల్లో రెండు అద్దెలు విడివిడిగా ఇస్తారు. హీటింగూ ఇతర నిర్వహణ ఖర్చులూ కలపకముందు ఒకటి, కలిపాక ఒకటి. చక్కటి పద్ధతి. మీకు అలా ఎవరూ రాసివ్వకపోతే మీరే అడిగి రాసుకోవాలి. మెయింటెనెన్స్ ఎంత, అందులో నీళ్లు ఉన్నాయా, లిఫ్టు ఉందా, బండి పెట్టుకోవడానికి వేరే కట్టాలా, కరెంటు మీటరు మీకు విడిగా ఉందా లేక ఓనరు లెక్కగట్టి చెప్తాడా. ఈ ఆఖరిది తప్పకుండా అడగండి. ఉమ్మడి మీటరు ఉన్నచోట నెలనెలా గొడవే.

కరెంటు గురించి ఇంకో మాట. "బిల్లు ఎంతొస్తుంది?" అని ఊరికే అడిగితే ఎవరైనా తక్కువే చెప్తారు. "ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నెల బిల్లు చూపిస్తారా?" అని అడగండి. ఎండ కాసే చోట పై అంతస్తు ఫ్లాటులో ఏసీ కరెంటు మింగేస్తుంది, చలి ప్రదేశంలో హీటరు మింగేస్తుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అయితే ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అది ఎంత ఇంధనం తింటుందో చెప్పే సర్టిఫికెట్ చూపించాలనే నిబంధన ఉంది. అది లేనిచోట పాత బిల్లే మీ సర్టిఫికెట్.

అసలు పెద్ద ఖర్చు ప్రకటనలో కనిపించనే కనిపించదు. అది దూరం. విలియం అలోన్సో అనే ఆర్థికవేత్త 1964లో దీన్ని వివరంగా చెప్పాడు. నగరం మధ్య నుంచి దూరం పెరిగేకొద్దీ రాకపోకల ఖర్చు పెరుగుతుంది కాబట్టి, దానికి తగ్గట్టే అద్దె దిగుతుంది. అంటే దూరంగా ఉన్న ఇంటి చవకదనంలో కొంత భాగం మీరు ప్రయాణానికి కట్టబోయే డబ్బే. మహానగరంలో ఈ అద్దె తేడా చాలా పెద్దది, దూరం వెళ్తే నిజంగానే కలిసొస్తుంది. ఓ మోస్తరు నగరంలో మధ్యకీ అంచుకీ అద్దెలో తేడా తరచూ అంత పెద్దగా ఉండదు. కానీ బస్సుల్లో మాత్రం తేడా ఘోరంగా ఉంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. అప్పుడు బండి కొనాలి. బండికి పెట్రోలు, ఇన్సూరెన్స్, రిపేర్లు. అద్దెలో మిగిలిందంతా అక్కడ పోతుంది, పైగా రోజుకు గంటన్నర రోడ్డు మీద.

చికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చూ రవాణా ఖర్చూ రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. ఆ 45 మీకు కుదురుతుందో లేదో వేరే విషయం గానీ, రెండింటినీ కలిపి చూడటం మాత్రం అలవాటు చేసుకోండి. ఒక ఇల్లు చూశాక ఆఫీసు వేళకి అక్కడి నుంచి ఆఫీసుకి ఒకసారి నిజంగా వెళ్లి రండి. మ్యాప్ చూపించే నిమిషాలు ఆదివారం మధ్యాహ్నపు నిమిషాలు.

(సభలో నవ్వులు)

సరే, ఇప్పుడు వెతకడం. ఇక్కడే ఓ మోస్తరు నగరం తీరు వేరు. కొన్ని దేశాల్లో పెద్ద నగరాల్లోని అద్దె ఇళ్లు కొన్ని పెద్ద సంస్థల చేతుల్లోకి వెళ్తున్నాయి. అమెరికాలో అయితే అద్దె ఎంత పెట్టాలో సాఫ్ట్‌వేరే సలహా ఇస్తుంది. అలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థ ఓనర్ల మధ్య పోటీ లేకుండా చేస్తోందని ఆరోపిస్తూ 2024లో అక్కడి న్యాయశాఖ కేసు కూడా వేసింది. మన లాంటి నగరాల్లో ఓనరు అంటే ఎక్కువగా ఒక మనిషి. ఒకటో రెండో ఫ్లాట్లు ఉన్న రిటైరైన టీచరు, పిల్లలు వేరే దేశంలో ఉన్న దంపతులు, అన్నదమ్ములు పంచుకోగా వచ్చిన వాటా ఉన్నవాళ్లు. వీళ్లకి అద్దె రెండు పైసలు ఎక్కువ రావడం కంటే తలనొప్పి లేకపోవడం ముఖ్యం. ప్రకటన ఇస్తే రోజుకు యాభై ఫోన్లు వస్తాయని భయం. అందుకే ఇల్లు ఖాళీ అవబోతోందని ముందు పక్కింటివాళ్లకి చెప్తారు, వాచ్‌మన్‌కి చెప్తారు, కిందనున్న కిరాణా కొట్టాయనకి చెప్తారు. వీళ్లెవరి ద్వారానూ మనిషి దొరక్కపోతేనే యాప్‌లో పెడతారు. అంటే మీరు యాప్‌లో చూసేది చాలాసార్లు ఇంతమంది వద్దనుకోగా మిగిలినది. అన్నీ అలా ఉండవనుకోండి, కానీ నెలల తరబడి కనిపిస్తున్న ఇల్లుంటే మాత్రం ఎందుకు మిగిలిపోయిందో కనుక్కోండి.

కాబట్టి ఏం చేయాలి? మీకు కుదిరే రెండు మూడు పేటలు ఎంచుకోండి, అంతకు మించి వద్దు. సాయంత్రం పూట ఆ వీధుల్లో నడవండి. టు-లెట్ బోర్డులు చూడటం ఒక్కటే కాదు, బాల్కనీల్లో బట్టలు లేని ఇళ్లు, కర్టెన్లు లేని కిటికీలు కూడా గమనించండి. కింద ఎవరినైనా అడగండి. మీ ఆఫీసులో ఆ పేటలో ఉండేవాళ్లెవరో కనుక్కోండి. ముఖ్యంగా బదిలీ మీద వెళ్లిపోతున్నవాళ్ల గురించి తెలుసుకోండి. ఖాళీ చేస్తున్నవాళ్లు తమ చోటికి మనిషిని చూపించి వెళ్తే ఓనరుకీ సుఖం, వాళ్ల డిపాజిట్ కూడా త్వరగా వెనక్కి వస్తుంది. మీకు బ్రోకరు కమీషన్ మిగులుతుంది. ముగ్గురికీ లాభమున్న బేరం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఎప్పుడు వెతకాలి అన్నది కూడా డబ్బే. ఇలాంటి నగరం సాధారణంగా ఒక విశ్వవిద్యాలయం మీదో, ఒక పెద్ద ఆస్పత్రి మీదో, ఒక ఫ్యాక్టరీ మీదో ఆధారపడి ఉంటుంది. ఆ సంస్థకి కొత్తవాళ్లు వచ్చే నెలల్లో ఊరంతా ఇళ్లకు కటకట. వాళ్లొచ్చి సర్దుకున్నాక మరో రెండు నెలలకి అదే ఓనరు మీ ఫోన్ కోసం చూస్తుంటాడు. మీకు వెసులుబాటు ఉంటే ముందు ఎక్కడో తాత్కాలికంగా సర్దుకుని, రద్దీ తగ్గాక అసలు ఇల్లు వెతకండి. కొత్త ఊరికి వచ్చిన మొదటి వారంలోనే ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టడం నాకు అస్సలు నచ్చని పని. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఏ రోడ్డు రాత్రంతా లారీలతో మోగుతుందో ఆ వారంలో మీకేం తెలుస్తుంది?

లెక్కల మీద ఇష్టమున్నవాళ్లు 37 శాతం సూత్రం గురించి చెప్తుంటారు. వెతకడానికి ఉన్న సమయంలో మొదటి 37 శాతం ఊరికే చూడండి, ఆ తర్వాత అప్పటిదాకా చూసినవాటికంటే మెరుగైనది కనిపించిన వెంటనే పట్టేయండి అని. గణితం సరైనదే. అన్నిటికంటే మంచిదాన్ని పట్టుకునే అవకాశం అలా చేస్తేనే ఎక్కువ. కానీ మనకి ఊళ్లో అన్నిటికంటే మంచి ఇల్లు అక్కర్లేదు కదా. సరిపోయే ఇల్లు చాలు. బయల్దేరేముందే మూడు విషయాలు రాసుకోండి, ఇవి లేకపోతే కుదరదు అన్నవి. ఆ మూడూ ఉండి లెక్కలో ఇమిడితే ఒప్పేసుకోండి. ఇంకా మంచిది వస్తుందేమో అని ఆగితే ఇలాంటి చిన్న మార్కెట్లో ఉన్నదీ పోతుంది.

బేరం గురించి అందరికీ మొహమాటం. ఓనరు కోణం నుంచి చూస్తే మొహమాటం తగ్గుతుంది. నెలకు అద్దె 100 అనుకోండి. పన్నెండు నెలలకి 1,200. ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆ ఏడాది వచ్చేది 1,100. అదే ఇవాళే 95కి ఇచ్చేస్తే 1,140. అంటే అయిదు శాతం తగ్గించి ఇవాళ ఇవ్వడం, ఒక నెల ఆగి పూర్తి అద్దెకు ఇవ్వడం కంటే ఆయనకే లాభం. ఈ లెక్క ఆయన ముందు పెట్టమని కాదు, మర్యాదగా ఉండదు. కానీ ఇల్లు ఇప్పటికే ఖాళీగా ఉందంటే మీకు మాట్లాడే చోటు ఉందని గుర్తుంచుకోండి. "తగ్గించండి సార్" అని ఊరికే అనేకంటే, "ఒకటో తారీఖే దిగిపోతాం, రెండేళ్లు ఉంటాం, కాగితాలన్నీ తయారుగా ఉన్నాయి, ఇంత అయితే ఇవాళే అడ్వాన్స్ ఇస్తాం" అనండి. ఆయన భయాలు మూడు నాలుగే. ఇల్లు ఖాళీగా పడి ఉండటం, అద్దె ఆలస్యం, ఇల్లు పాడవడం, పక్కవాళ్ల ఫిర్యాదులు. వాటికి మీ దగ్గర జవాబుందని తెలిస్తే చాలామంది దిగొస్తారు.

కొన్నిచోట్ల అద్దె తగ్గించకుండా "మొదటి నెల ఉచితం" అంటారు. ఏడాదికి చూస్తే అదీ ఎనిమిది శాతం తగ్గింపే. కానీ వచ్చే ఏడు పెంచేటప్పుడు 100 మీద పెంచుతారు, మీరు సగటున కట్టిన 92 మీద కాదు. ఎక్కువ కాలం ఉండాలనుకుంటే నెల అద్దె తగ్గించమనే అడగండి.

ఇక్కడ ఒక చేదు విషయం కూడా చెప్పాలి. మీ పేరు వినగానే, ఒంటరిగా ఉంటారని తెలియగానే, మీ మతమో ఒంటి రంగో చూడగానే ఇల్లు లేదనేవాళ్లు తగులుతారు. ప్రపంచంలో ఇది లేని దేశం నాకు తెలియదు. మతం, ఒంటి రంగు లాంటివి చూసి ఇల్లు ఇవ్వననడాన్ని అమెరికాలో 1968లోనే నిషేధిస్తూ చట్టం తెచ్చారు, అయినా పూర్తిగా పోలేదు. ఇలా జరిగితే మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి. చట్టం అండగా ఉన్నచోట రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అదే సమయంలో వెతుకులాట ఆపకండి. ఎందుకంటే ఫిర్యాదు తేలేలోపు మీరు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పగలొకసారి, రాత్రొకసారి వెళ్లండి. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి చూడండి. ప్రతి గదిలో ఫోన్ సిగ్నల్ చూడండి. ఒక్క గోడకే కొత్త పెయింట్ కనిపిస్తే దాని వెనక చెమ్మ ఉండొచ్చు, చెయ్యి పెట్టి చూడండి, వాసన చూడండి. ఇంతకు ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారో ఓనర్ని కాదు, వాళ్లనే అడగండి. ఇల్లు చూపించకుండా డబ్బు పంపమని ఎవరైనా అంటే అది మోసమే, మారు ఆలోచన వద్దు. ఫొటోలు అద్భుతంగా ఉండి, అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువగా ఉండి, ఓనరు వేరే దేశంలో ఉన్నాడంటే ఆ మూడూ కలిసిన చోట ఇల్లే ఉండదు. ఎవరి ఇంటి ఫొటోలో అవి.

డిపాజిట్ విషయంలో దేశానికో తీరు. జర్మనీలో నిర్వహణ ఖర్చులు కలపని మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెకున్నవాళ్లకి ఉంది. ఇంగ్లాండ్‌లో 2007 నుంచి డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాలి. భారత కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల హద్దు పెట్టింది, అయితే రాష్ట్రాలు దాన్ని స్వీకరిస్తేనే అమలవుతుంది. మీరు ఎక్కడున్నా ముందు మీ చోట రూలు ఏమిటో తెలుసుకోండి. తర్వాత తాళాలు చేతికొచ్చిన రోజే సామాను దించకముందు ఇంట్లో మూల మూలా వీడియో తీసి, మీటరు రీడింగ్‌తో సహా ఓనరుకి మెసేజ్ పెట్టండి. ఖాళీ చేసే రోజు వచ్చే తగాదాల్లో సగానికి సగం అక్కడే తీరిపోతాయి. అగ్రిమెంట్‌లో మూడు చోట్ల నెమ్మదిగా చదవండి. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుంది, మధ్యలో ఖాళీ చేస్తే ఏం పోతుంది, రిపేర్లు ఎవరివి.

అక్కడ వెనక వరసలో చెయ్యి ఎత్తినమ్మాయి, అడగమ్మా.

(ప్రశ్న: ముగ్గురం కలిసి తీసుకుంటే చవకా?)

సాధారణంగా చవకే. వంటిల్లూ హాలూ ముగ్గురూ పంచుకుంటారు కాబట్టి మూడు గదుల ఫ్లాటులో మనిషికి పడేది ఒక గది ఫ్లాటు అద్దె కంటే తక్కువ. కానీ అగ్రిమెంట్ చూడు. చాలాచోట్ల ముగ్గురూ కలిసి సంతకం పెడితే మొత్తం అద్దెకి ముగ్గురూ విడివిడిగా కూడా బాధ్యులే. ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఓనరు ఆ వాటా మిగతా ఇద్దరి దగ్గరా వసూలు చేసుకోవచ్చు. అందుకని ఒకరు వెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కొత్త మనిషిని ఎవరు వెతకాలి, డిపాజిట్‌లో వాటా ఎవరు తిరిగివ్వాలి అన్నవి స్నేహం బాగున్న రోజే ఒక కాగితం మీద రాసుకోండి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఊళ్లో ఇళ్లే చాలకపోతే మీ తెలివితేటలు పెద్దగా ఏమీ చేయలేవు. ఉన్న ఒక్క ఇల్లు మీకు దొరికితే ఇంకొకరికి దొరకదు, అంతే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం 2016లో నివాస స్థలాల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల చోట ఎక్కువ ఇళ్లు కట్టుకునేలా నియమాలు సడలించింది. తర్వాతి ఏళ్లలో కొత్త ఇళ్ల నిర్మాణం బాగా పెరిగింది. అది నగరం చేయాల్సిన పని, ఓటు వేసేటప్పుడు గుర్తుంచుకోవచ్చు. ఇవాళ మీకు ఇల్లు కావాలి కాబట్టి నేను ఈ సంగతి పొడిగించను.

ఇంకో ప్రశ్నకి సమయముందట. చెప్పండి సార్.

(ప్రశ్న: ఏడాది తర్వాత ఓనరు పది శాతం పెంచుతానంటే ఉండాలా, మారాలా?)

ముందు మారడానికి ఎంతవుతుందో లెక్కేయండి. మళ్లీ 100 అద్దె అనుకుందాం. పది పెరిగితే ఏడాదికి 120 అదనం. మారితే బ్రోకరుకి ఎక్కడైనా సగం నెలో ఒక నెలో, సామాను బండికి కొంత, రెండిళ్లకీ కలిసి పడే కొన్ని రోజుల అద్దె, పాతది చేతికి రాకముందే కొత్త డిపాజిట్. ఇవన్నీ కలిపితే 120 దాటడం పెద్ద విషయమేం కాదు. కాబట్టి ఒక్క ఏడాదికే చూస్తే ఉండటం నయం. మూడేళ్లు ఉండాలనుకుంటే లెక్క మారిపోతుంది, అప్పుడు వెతకడం మొదలుపెట్టండి. ఏదైనా సరే ఆ పేటలో అలాంటి ఇళ్లకి ఇప్పుడు ఎంత నడుస్తోందో కనుక్కుని, ఓనరుతో అయిదు శాతానికి మాట్లాడండి. మీరు వెళ్తే ఆయనకీ ఒక నెల ఖాళీ, పెయింట్ ఖర్చు, కొత్త మనిషి మీద అనుమానం తప్పవు. ఆ మాట నోటీసు గడువుకి కనీసం ఒక నెల ముందే మాట్లాడండి. గడువు దాటాక మాట్లాడితే మీరు మారలేరని ఆయనకి తెలిసిపోతుంది.